గట్టు మీది ఆకు ఎప్పుడు కూర, ఎప్పుడు మందు?

తొలకరి పడ్డాక రెండు వారాలకు ఖాళీ స్థలాల్లో, పొలం గట్ల మీద, చేలో సాళ్ల మధ్య నేలకు అతుక్కుని ఒక మొక్క పాకుతుంది. మందపాటి గుండ్రటి ఆకులు, ఎర్రటి కాడలు. రైతుకు అది కలుపు. ఆయన తల్లికి పప్పులో వేసే గలిజేరాకు. ఆయన కొడుకు ఫోన్లో చూసిన వీడియో ప్రకారం అదే పునర్నవ, చెడిపోయిన కిడ్నీలను బాగుచేసే దివ్యౌషధం. వీళ్లలో మొదటి ఇద్దరి మాటా నిజమే. మూడో మాటలో మాత్రం రెండు తప్పులున్నాయి. అడవి ఆకులు, మూలికల గురించి నేర్చుకోవాలనుకునే వాళ్లు సాధారణంగా ఇరుక్కునేది సరిగ్గా ఆ రెండు చోట్లే.

మొదటి తప్పు మనిషిని గుర్తుపట్టకుండా ఆధార్ కార్డు ఇచ్చేయడం లాంటిది. ఆయుర్వేదం వాడే పునర్నవ వేరు అటికమామిడిది, శాస్త్రీయ నామం బోయర్హావియా డిఫ్యూసా. ఇది కాగితం పూల చెట్టుకు, చంద్రకాంత మొక్కకు చుట్టం. గలిజేరు ట్రయాంథిమా అనే వేరే జాతి, కుటుంబమే వేరు. రెండూ నేల మీద పాకుతాయి, రెండింటికీ కణుపు దగ్గర ఎదురెదురుగా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఆకులు వస్తాయి. అందుకే మూలికల బజార్లో కూడా ఒకదాని బదులు ఇంకొకటి వచ్చేస్తుంటుంది. తేడా కావాలంటే వంగి చూడాలి. గలిజేరు పువ్వు ఆకు మొదట్లో, కాడను అంటుకుని ఒక్కటే దాక్కుని ఉంటుంది. అటికమామిడికి సన్నటి కాడల చివర ఆవగింజంత గులాబీ పూలు గుత్తిగా వస్తాయి, కాయలు జిగటగా ఉండి ప్యాంటుకు పట్టుకుంటాయి. పీకి చూస్తే వేరు లావుగా, లోతుగా దిగి ఉంటుంది.

రెండో తప్పు ఇంకా ప్రమాదకరం. గలిజేరులో ఆక్సలేట్లనే లవణాలు బాగా ఎక్కువ. ఆకుకూరలన్నిటిలాగే పొటాషియం కూడా ఉంటుంది. కిడ్నీలు దెబ్బతిన్న మనిషి ఒంట్లోంచి పొటాషియం సరిగా బయటికి పోదు. అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఆక్సలేట్లు కిడ్నీలోనే స్ఫటికాలుగా పేరుకుని ఉన్న పనినీ చెడగొడతాయి. డయాలసిస్ దాకా వెళ్లిన వాళ్లకు డాక్టర్లు ఆకుకూర తక్కువ తినమని, తిన్నా ఉడికించి నీళ్లు పారబోయమని చెప్పేది ఇందుకే. అలాంటి మనిషికి రోజూ పొద్దున్నే గ్లాసుడు పచ్చి ఆకు రసం పట్టిస్తే ఏమవుతుందో వీడియో తీసినాయనకు పట్టదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వారానికోసారి కందిపప్పుతో కలిపి వండుకునే గలిజేరాకుకు దీనితో పోలికే లేదు. ఆకు అదే అయినా, తినే మనిషి, తినే పద్ధతి, తినే మోతాదు మారిపోయాయి.

మన దగ్గర చర్చ ఎప్పుడూ రెండు పక్షాలుగా చీలిపోతుంది. ఒక పక్షానికి ప్రకృతి ఇచ్చింది కాబట్టి సైడ్ ఎఫెక్ట్ ఉండదు. ఇంకో పక్షానికి ఇదంతా చాదస్తం. నా మట్టుకు ఈ గొడవ కంటే, ఒక్కో మొక్కను పట్టుకుని ఇది ఏది, దీంట్లో ఏ భాగం, ఎలా వండి లేదా కాచి, ఎంత, ఎవరికి అని అడుగుతూ పోవడం మేలు. వినడానికి ఇవి చిన్న ప్రశ్నలే. కానీ ఒక్క దానికి జవాబు తప్పినా మిగతావి కరెక్టయి లాభం లేదు.

కూరకు, మందుకు మధ్య ఉన్నది మోతాదే

వంటింట్లో మనం ఆకును ఎలా వాడతామో గమనించండి. ఉడికిస్తాం, పప్పుతో కలిపి పలచన చేస్తాం, తాలింపు వేస్తాం, ఒక పూట తిని మర్నాడు ఇంకో కూరకు పోతాం. పైగా చేదుగా, వగరుగా ఉన్నది ఎక్కువ తినలేం, నాలుకే ఆపేస్తుంది. కషాయం దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. మూలికకు పదహారింతల నీళ్లు పోసి పావు వంతుకో, ఎనిమిదో వంతుకో మరగకాచాలని పాత గ్రంథాలు చెప్పేది సారాన్ని చిక్కబరచడానికే. దాన్ని ముక్కు మూసుకుని గుటుక్కున మింగుతాం, రోజూ మింగుతాం. చూర్ణం, మాత్ర అయితే నాలుకకు పనే లేదు. అంటే మందుగా వాడిన క్షణం నుంచి మొక్క మందులాగే ప్రవర్తిస్తుంది. మేలూ, కీడూ రెండూ చేయగలదు.

తిప్పతీగ సంగతి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ పేరుతో తిప్పతీగ కషాయం తాగని వీధి లేదు. 2020 చివర్లో ముంబైలో కామెర్లతో వచ్చిన ఆరుగురిని పరీక్షించిన డాక్టర్లు, వాళ్లంతా తిప్పతీగ వాడుతున్నట్టు గుర్తించి 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. వాళ్లు తిన్నది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన ఇంకో తీగేమో నిర్ధారించలేదు కదా అని అడిగింది. అడగదగ్గ ప్రశ్నే. టినోస్పోరా కార్డిఫోలియా మనం వాడే తిప్పతీగ. టినోస్పోరా క్రిస్పా అనేది దాని దగ్గరి చుట్టం, దాని కాండం నిండా పొక్కుల్లాంటి బుడిపెలు ఉంటాయి. అసలు తిప్పతీగ కాండం మీద అలాంటి బుడిపెలుండవు. పైన కాగితంలా పలచటి పొర ఊడుతుంది, గోరుతో గీకితే లోపల పచ్చగా కనబడుతుంది, దారాల్లాంటి వేర్లు గాలిలో వేలాడుతుంటాయి.

కానీ కథ అక్కడితో ఆగలేదు. హైదరాబాద్‌తో సహా పలు నగరాల లివర్ డాక్టర్లు కలిసి 2022లో ఇలాంటి 43 మంది వివరాలు ప్రచురించారు. చాలామందిలో కనబడింది ఒంటి రక్షణ వ్యవస్థే సొంత లివర్ మీద దాడి చేసే తరహా జబ్బు. ఇక్కడే ఆలోచించాల్సిన విషయం ఉంది. తిప్పతీగ రక్షణ వ్యవస్థను రెచ్చగొడుతుందన్న మాట నిజమైతే, ఆ వ్యవస్థ అప్పటికే దారి తప్పి ఉన్న మనిషిలో అది మంటకు గాలి విసరడమే. థైరాయిడ్, కీళ్లవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు ఈ కషాయానికి దూరంగా ఉండాలనడం అందుకే. తరాల తరబడి జ్వరానికి రెండు మూడు రోజులు తాగిన కషాయాన్ని, జబ్బేమీ లేకుండా నెలల తరబడి కాఫీ బదులు తాగడం మన పెద్దవాళ్లు చేసిన పని కాదు. సంప్రదాయం అని మనం పేరు పెట్టేవాటిలో కొన్నింటి వయసు వాట్సాప్ వయసంతే.

తగ్గింది, కానీ దేనివల్ల?

కామెర్లకు నేల ఉసిరి పసరు మన ఊళ్లలో పాత మాట. ఆకుల కింద వరుసగా చిన్న చిన్న ఉసిరికాయల్లాంటివి వేలాడే ఆ మొక్కను చూడని వాళ్లుండరు. దాన్ని కొట్టిపారేయలేం. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్‌తో కలిసి, లాన్సెట్ పత్రికలో ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. వైరస్ ఒంట్లో తిష్ఠ వేసుకున్న వాళ్లకు ముప్పై రోజులు నేల ఉసిరి పొడి ఇస్తే 59 శాతం మందిలో వైరస్ ఆనవాలు పోయిందని, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో అది 4 శాతమేనని. ప్రపంచమంతా ఆసక్తిగా చూసింది. తర్వాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో మాత్రం ఆ ఫలితం మళ్లీ రాలేదు. మొక్కలో రకం తేడానా, కోసిన కాలం తేడానా, మొదటి పరీక్షలోనే లోపమా అన్న వాదనలు చాలా నడిచాయి.

మరి ఊళ్లో పసరు తాగి తగ్గినవాళ్ల మాటేమిటి? మన దగ్గర కామెర్లలో ఎక్కువ భాగం కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ. ఇవి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. కళ్లు బాగా పచ్చబడ్డాక పసరు దగ్గరికి వెళతాం, అప్పటికే జబ్బు దిగే దారిలో ఉంటుంది, పేరు పసరుకు వస్తుంది. ఇందులో పసరు మనిషి మోసమేమీ ఉండక్కర్లేదు, ఆయనకూ తగ్గినవాళ్లే కనబడతారు. తగ్గనివాళ్లు తిరిగి ఆయన దగ్గరికి రారు, ఆస్పత్రికి పోతారు. పైగా పిత్తాశయంలో రాయి అడ్డుపడినా, క్యాన్సర్ వచ్చినా కళ్లు పచ్చబడతాయి. గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణాపాయం. కాబట్టి పచ్చకామెర్లు కనబడితే ముందు రక్త పరీక్ష, తర్వాతే పథ్యం.

మూలిక పనిచేస్తుందా లేదా అని ఎవరైనా అడిగితే నేను ముందు చూసేది ఇదే. జలుబు, విరేచనాలు, వైరల్ జ్వరం, మామూలు కామెర్లు మందున్నా లేకపోయినా తగ్గే జబ్బులు. వీటి మీద దేనికైనా మంచి పేరు వస్తుంది. అలా కాకుండా అక్కడికక్కడే తేలిపోయే గుణాలు కొన్నుంటాయి. పొడపత్రి ఆకు ఒకటి నమిలి, ఆ రసం నాలుకంతా తగిలాక ఊసేసి, ఒక చెంచా చక్కెర నోట్లో వేసుకోండి. తీపి తెలియదు. ఇసుక నమిలినట్టు పంటి కింద కరకరమంటుంది, అంతే. కాఫీ తాగితే చక్కెర వేయడం మర్చిపోయారేమో అనిపిస్తుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలకు అతుక్కోవడం దీనికి కారణం, అరగంటో ఇంకాస్తో ఉండి పోతుంది. ఇది ఎవరి ఇంట్లోనైనా తేల్చుకోగల నిజం. షుగర్ జబ్బు తగ్గుతుందన్నది వేరే విషయం. చిన్న చిన్న పరీక్షల్లో ఆశ కనబడింది గానీ, మాత్రలు ఆపేయడానికి అది చాలదు. ఇన్సులిన్ వేసుకుంటూ పొడపత్రి చూర్ణం కూడా మింగితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది.

గుర్తుపట్టడం

2016 వానాకాలం చివర, మన సరిహద్దుకు అవతల ఒడిశా మల్కన్‌గిరి జిల్లాలో గిరిజన పిల్లలు వరసగా చనిపోయారు. జ్వరం, ఫిట్స్, స్పృహ తప్పడం, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవడం. వంద మంది దాకా పిల్లలు పోయారు. కొందరిలో మెదడువాపు వైరస్ దొరికింది. మిగతా వాళ్ల సంగతి పరిశీలించిన నిపుణులు, ఇంటి చుట్టూ పెరిగే ఒక కలుపు మొక్క గింజలు తినడమే కారణమని తేల్చారు. అది కసివింద, సెన్నా ఆక్సిడెంటాలిస్. అంతకు ముందే పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా పిల్లల్ని పొట్టన పెట్టుకున్న అంతుచిక్కని జబ్బుకూ ఇదే మొక్క కారణమని తేలింది. ఆకలి మీదున్న పిల్లలు ఆడుకుంటూ పచ్చి కాయలు ఒలుచుకుని తినేవాళ్లు.

దీని తోబుట్టువు లాంటిది తగిరిస. కొన్నిచోట్ల తంటెం అంటారు. సెన్నా టోరా. దీని లేత ఆకును తొలకరిలో కూర వండుకునే అలవాటు ఏజెన్సీలోనూ, తెలంగాణ పల్లెల్లోనూ ఉంది. రెండూ ఒకే చోట మొలుస్తాయి, రెండింటికీ పసుపు పచ్చ పూలే, నలిపితే రెండూ కంపే కొడతాయి. తగిరిసకు ఒక్కో ఆకులో మూడు జతల చిట్టి ఆకులుంటాయి, వాటి కొస గుండ్రంగా ఉంటుంది. కసివిందకు సాధారణంగా నాలుగైదు జతలు, కొస సూదిగా ఉంటుంది. తగిరిస కాయ సన్నగా, పొడుగ్గా, కొడవలిలా వంగి ఉంటుంది. కసివింద కాయ బల్లపరుపుగా, దాదాపు నిటారుగా పైకి నిలబడుతుంది. కాయలు వచ్చేదాకా ఆగితే తేడా తెలియడం తేలిక. కానీ కూర కోసేది కాయలు రాక చాలా ముందు, జానెడు ఎత్తులో. అందుకే మొక్కను ఏడాది పొడుగునా చూసి ఉండాలి. మొలకగా, పూతలో, కాయ మీద, ఎండిపోయాక కూడా చూసినవాళ్లే లేత ఆకుతో కూడా పోల్చుకోగలరు. మొబైల్ యాప్‌లు పూలున్న ఫొటోకు బాగానే పేరు చెబుతాయి, లేత ఆకు చూపిస్తే ఏదో ఒక పేరు ధైర్యంగా చెప్పేస్తాయి. యాప్ చెప్పింది కదా అని కుండలో వేయకూడదు.

పాయలకూర విషయంలో పని తేలిక. గంగవాయిలి అన్నా, పాయలాకు అన్నా ఇదే. కాస్త పుల్లగా, మామిడికాయ పప్పులా భలే ఉంటుంది, మిగతా ఆకుకూరల్లో కన్నా ఒమేగా 3 కొవ్వు దీంట్లో ఎక్కువ. దాని పక్కనే నేలకు అతుక్కుని నానబాలు జాతి మొక్కలు కొన్ని మొలుస్తాయి. కాడ విరవండి. తెల్లటి పాలు కారితే అది పాయలాకు కాదు, పారేయండి. పాయలాకు కాడ కండపట్టి నీరు కారుతుంది, పాలు రావు.

పొన్నగంటి కూరకూ ఒక పోలిక ఉంది. చెరువుల్లో పరుచుకుపోయే ఎలిగేటర్ కలుపు దాని దాయాదే. పొన్నగంటి తెల్ల పూలు ఆకు మొదట్లోనే కాడకు అంటుకుని ఉంటాయి. ఆ కలుపు పువ్వుకు మాత్రం పొడుగాటి కాడ ఉంటుంది, కాండం లోపల బోలు. కంటికి మంచిదని పొన్నగంటికి ఉన్న పేరు ఊరికే రాలేదు. విటమిన్ ఎ తయారయ్యే బీటా కెరోటిన్ దీంట్లో బాగా ఉంది, విటమిన్ లోపంతో వచ్చే రేచీకటికి ఉపయోగమే. తాలింపులో కాస్త నూనె ఉంటేనే అది ఒంటికి పడుతుంది. కళ్లజోడు నంబర్ తగ్గుతుందన్నది మాత్రం కల్పన.

వినాయక చవితి పత్రిని చాలామంది మూలికల జాబితా అనుకుంటున్నారు. పూజలో పెట్టే ఆకులన్నీ కషాయం పెట్టుకుని తాగొచ్చని ఏటా ఎవరో ఒకరు మెసేజ్ తిప్పుతారు. ఆ 21 పత్రాల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. గన్నేరులో గుండెను ఆపగల విషం ఉంది. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో, కరోనా రాదన్న టిక్‌టాక్ వీడియో నమ్మి ఉమ్మెత్త కాయల రసం తాగినవాళ్లు ఆస్పత్రి పాలయ్యారు. పత్రి వల్ల నిజమైన లాభం వేరే ఉంది. ఏడాదికోసారి పిల్లల్ని వెంటబెట్టుకుని ఉత్తరేణి ఏది, వాకుడు ఏది, వావిలి ఏది అని వెతికి కోసుకొచ్చే అలవాటు కన్నా మంచి వృక్షశాస్త్రం క్లాసు లేదు. బజార్లో కట్ట కొనుక్కుంటే అది పోతుంది. తెలంగాణలో ఆ రోజు తుమ్మికూర వండుకోవడం కూడా అలాంటి పాఠమే, పండుగే మొక్కను గుర్తుపెట్టిస్తుంది.

ఎక్కడ మొలిచింది

మొక్క కరెక్టే, కానీ నేల? పొన్నగంటి, తోటకూర లాంటివి మురుగు నీటిలోని లోహాలను పీల్చుకుని ఆకుల్లో దాచుకుంటాయి. హైదరాబాద్ కింది వైపు మూసీ నీళ్లతో పెరిగిన ఆకుకూరల మీద ఏళ్లుగా ఉన్న బెంగ ఇదే. కడిగితే మట్టి పోతుంది, లోహం పోదు. హైవే పక్కన, రైలు పట్టాల వెంట, పాత ఫ్యాక్టరీ గోడ కింద పచ్చగా కనబడే ఆకును వదిలేయాలి.

పొలాల్లో సమస్య కలుపు మందు. సాళ్ల మధ్య మొలిచిన దొగ్గలికూర, గునుగు, చెంచలి ఒకప్పుడు కలుపు తీసే కూలి ఆడవాళ్ల కొంగులో ఇంటికి చేరేవి. ఆ పూటకు కూర ఖర్చు మిగిలేది. ఇప్పుడు మందు కొట్టిన పత్తి చేలో ఆ ఆకు మిగలదు, మిగిలినా కోసుకోకూడదు. పురుగు మందు కొట్టిన చేలో సంగతీ అంతే, వానకు కొట్టుకుపోయి ఉంటుందని ఊహించుకోకూడదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు మందుల్లేకుండా జొన్న, సజ్జ, కొర్ర, పప్పుధాన్యాలు కలిపి పండించే చేలల్లో ఈ విత్తని కూరలు ఇంకా బతికే ఉన్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ అందుకున్న సంఘాలివి. ఎక్కువగా దళిత మహిళలు. అత్తిలి, జొన్న చెంచలి, తెల్ల గర్జల అంటూ వాళ్లు గుక్కతిప్పుకోకుండా చెప్పే పేర్లలో సగం పట్నం తెలుగువాళ్లకు తెలియవు. ఏ ఆకు ఏ పంటలో మొలుస్తుంది, ఏ నెలలో లేతగా ఉంటుంది, బాలింతకు ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్న లెక్క వాళ్ల దగ్గర ఉంది. నేర్చుకోదలిచినవాళ్లకు మొదటి గురువు యూట్యూబ్ కాదు, ఊళ్లో కలుపు తీసే ముసలామె. ఆమె ఇది మేం తినం అంటే అక్కడితో ఆగిపోవాలి.

అడవికి పోయి తవ్వుకురావడం గురించి ఒక్క మాట. ఆకు గిల్లితే మళ్లీ వస్తుంది. వేరు తవ్వినా, చెట్టు చుట్టూ బెరడు ఒలిచినా అది చస్తుంది. అగరుబత్తీల కోసం బెరడు వలిచి వలిచి నరమామిడి చెట్టు మన్యంలో అరుదైపోయింది, సర్పగంధ పరిస్థితీ అదే. వేరు వాడే మొక్కను పెంచుకునే వాడాలి.

పెరట్లో, కుండీలో

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. మూలికల విషయంలో మాత్రం పెరటి చెట్టే పనికొస్తుంది, ఎందుకంటే నాటింది ఏదో మనకు తెలుసు, దానికి పోసిన నీళ్లూ తెలుసు.

మొదలుపెట్టేవాళ్లు వాము ఆకు, తులసి, పొన్నగంటి, మునగ పెట్టుకుంటే చాలు. వాము ఆకు కొమ్మ గుచ్చితే బతుకుతుంది, నీళ్లు ఎక్కువైతేనే చస్తుంది. పొన్నగంటి బజార్లో కొన్న కట్టలోంచే ముదురు కాడలు నాలుగు అంగుళాలు కత్తిరించి తడిమట్టిలో పెడితే చాలు, నెలలోపే కోతకొస్తుంది. మునగ చెట్టును నడుమెత్తులో నరుకుతూ ఉంటే ఆకు చేతికందుతుంది, లేకపోతే ఆషాఢంలో మునగాకు కోసం నిచ్చెన వేయాలి. తిప్పతీగ పెన్సిలంత లావు కాండం ముక్క రెండు కణుపులతో తొలకరికి ముందు నాటి, పక్కనున్న వేప చెట్టుకు అందిస్తే ఇంక మీరు చేసేదేమీ ఉండదు, అదే పాకుతుంది. ఏ చెట్టు మీదికి పాకినా పోలిక మాత్రం కాండం మీదే చూసుకోవాలి. సరస్వతి ఆకుకు నీడ, తడి కావాలి. కుళాయి కింద తొట్టి పెడితే తీగలు సాగి నిండిపోతుంది.

నేలవేముకు ఓపిక కావాలి. విత్తనం నలుసంత ఉంటుంది, ఇసుకలో కలిపి చల్లి పైన మట్టి కప్పీ కప్పనట్టు వదలాలి. లోతుగా పడితే మొలవదు. మూడు నాలుగు నెలలకు పూత మొదలయ్యేటప్పుడు కోయాలి, చేదుకు కారణమైన ఆండ్రోగ్రాఫోలైడ్ ఆకులో అప్పుడు ఎక్కువగా ఉంటుంది. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఒకే మొక్క జూన్‌లో కోస్తే ఒక బలం, అక్టోబర్‌లో కోస్తే ఇంకో బలం. ఫ్యాక్టరీ మాత్రలో 500 మిల్లీగ్రాములంటే ప్రతిసారీ 500. పెరటి మూలికకు ఆ భరోసా లేదు. వైద్యుడు కొలత చెప్పినా అది ఆయన చేతి మూలికకు వర్తించే కొలతే.

ఎండబెట్టడం నీడలోనే. ఎండలో వేస్తే తులసి, పుదీనా, నిమ్మగడ్డిలోని సువాసన నూనెలు ఆవిరై గడ్డి మిగులుతుంది. పలచగా పరిచి, గాలి ఆడేచోట, ఆకు చేతిలో గలగలమని పొడయ్యేదాకా ఆరాలి. కాడ విరిస్తే వంగిందంటే లోపల తడి ఉన్నట్టే. అలాంటిది డబ్బాలో పోస్తే బూజు పడుతుంది, బూజు విషం మూలిక చేసే మేలుకన్నా బలమైనది. డబ్బా మీద పేరు, కోసిన నెల రాసి పెట్టుకోండి. ఏడాది దాటితే ఎరువు గుంతకే.

కలబంద ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, ఎక్కువగా తప్పుగానే వాడతారు. మట్టను మొదలుకంటా కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో నిలబెట్టండి. కాసేపటికి పసుపు రంగు, చేదు వాసనేసే రసం అడుగున దిగుతుంది. అది చర్మానికి, గుజ్జుకు మధ్య పొరలో ఉండే అలోయిన్, గట్టి విరేచనకారి. మట్టను మట్టగా మిక్సీలో వేసి తాగి పొట్ట పట్టుకున్నవాళ్లు ఈ పసుపు రసం సంగతి తెలియనివాళ్లే. అది పూర్తిగా కారాక, అంచుల ముళ్లు తీసి, రెండు వైపులా చర్మం చెక్కి, మిగిలిన అద్దంలాంటి గుజ్జును కడిగి వాడాలి. కాలిన చోట రాయడానికి బాగుంటుంది. గర్భిణులు లోపలికి తీసుకోకూడదు.

వంట దగ్గర ఒక్కటే గుర్తుంచుకుంటే చాలు. పాయలాకు, గలిజేరు, అడవి తోటకూర లాంటి ఆక్సలేట్లున్న ఆకును ముందు నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి, తర్వాత పప్పులో వేయాలి. పోషకాలు పోతాయని కొందరు బాధపడతారు, కొంత పోతాయి కూడా. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకు ఆ నష్టమే లాభం. అన్నంలో చివర పెరుగు ఉంటే దాంట్లోని కాల్షియం మిగిలిన ఆక్సలేటును పేగులోనే పట్టేస్తుంది. నాలుగైదు రకాల ఆకులు కలిపి కలగూరగా వండే పద్ధతి రుచికే కాదు, ఏ ఒక్క ఆకూ అతి కాకుండా చూడటానికీ పనికొస్తుంది. అడవి పుట్టగొడుగుల జోలికి మాత్రం ఈ వ్యాసం చదివి ఎవరూ పోకండి, అది వేరే చదువు.

డాక్టరుకు చెప్పాల్సినవి

గుండె కవాటం ఆపరేషన్ అయినవాళ్లు వాడే రక్తం పలచబరిచే మాత్రలు కొన్ని విటమిన్ కెకు ఎదురు పనిచేస్తాయి. ఆకుకూరల్లో ఆ విటమిన్ దండిగా ఉంటుంది. ఆకుకూర మానేయక్కర్లేదు, కానీ వారం వారం తినే పరిమాణం ఒక్కసారిగా మారకూడదు. మునగాకు పొడి కొత్తగా మొదలుపెడితే డాక్టరుకు చెప్పాలి. బీపీ ఉన్నవాళ్లు అతిమధురం రోజూ చప్పరించకూడదు, అది బీపీని పెంచుతుంది, పొటాషియాన్ని పడగొడుతుంది. నేలవేము గర్భిణులకు వద్దు. ఆపరేషన్‌కు ముందు మీరు వాడే చూర్ణాలన్నీ మత్తు డాక్టరుకు చెప్పండి. ఆయన కోప్పడతాడేమోనని చాలామంది దాస్తారు. కోప్పడితే పడనివ్వండి.

మూలిక వాడుతుండగా ఒళ్లు దురద, మూత్రం ముదురు పసుపు, కళ్లు పచ్చబడటం కనబడితే ఆ రోజే ఆపి లివర్ పరీక్ష చేయించుకోవాలి. పిల్లలు గన్నేరు ఆకో, ఉమ్మెత్త కాయో, గురివింద గింజలో, కసివింద కాయలో నోట్లో పెట్టుకున్నారని తెలిస్తే ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. నోట్లో మిగిలింది తీసేసి, 108కి ఫోన్ చేసి, ఆ మొక్క కొమ్మ ఒకటి ఆకు, కాయతో సహా విరిచి ఆస్పత్రికి వెంట పట్టుకెళ్లండి. పేరు చెబితే సరిపోదు, ఊరు మారితే పేరు మారుతుంది. కొమ్మ చేతిలో ఉంటే ఏ విషానికి వైద్యం చేయాలో డాక్టరుకు త్వరగా తేలుతుంది.